పిలవని పేర్లు

దొర మంచం మీద పోయాడని వినగానే జక్కయ్య చెయ్యి అడ్డం పెట్టి చదవడం ఆపమన్నాడు.

"మంచం మీదనా?"

"అవును నాయనా. ముసలితనంలో, సొంత ఇంట్లో," అంది కూతురు షారోన్.

"కత్తి దెబ్బ గానీ, తుపాకి గుండు గానీ ఏమీ లేదా?"

"జలుబు చేసి పోయాడంట."

వంటింటి గడప మీద కూర్చుని చేటలో కందులు ఏరుతున్న భార్య దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జక్కయ్యకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఏళ్లుగా ప్రతి కార్తీకానికీ కారెంపూడి వీరుల గుడి ముందు కత్తి పట్టుకుని కథ పాడుతున్న వీరవిద్యావంతుడు ఆయన. ఆయన పాడిన వీరులంతా రణంలో ముక్కలైనవాళ్లే. జలుబు చేసి పోయిన వీరుణ్ణి ఎట్లా ఎత్తుకోవాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

అయినా పని ఒప్పుకున్నాడు. శనివారం గురజాలలో షారోన్ పనిచేసే ప్రైవేటు బడికి ఇంగ్లండు నుంచి అతిథులు వస్తున్నారు. అక్కడి ఒక పాత బడీ, ఈ బడీ ఇకనుంచి అక్కాచెల్లెళ్లని కాగితాల మీద సంతకాలు చేసుకుంటాయి. ఆ పాత బడిని పెట్టింది ఆష్‌కోమ్ అనే దొర, రెండు వందల ముప్పై ఏళ్ల కిందటి ఓడ కెప్టెను. కొన్నాళ్లు బందరు రేవులో ఉండి పోయాడు కాబట్టి ఆయన మనవాడేనని తేల్చేశాడు బడి యజమాని చెన్నకేశవులు. దొరగారి కథని పల్నాటి వీరుల బాణీలో ఇరవై నిమిషాలు పాడిస్తే వచ్చినవాళ్లు మురిసిపోతారని ఆయన ఎత్తు. అది కుదిరితే షారోన్‌కు హైస్కూలు సోషల్ ఇస్తానన్నాడు. ఎం.ఏ. చరిత్ర చదివి, ఆరేళ్లుగా మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న మనిషి షారోన్. ఆ మాట విన్న రోజు బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సరే, మొదట్నించీ ఇంకోసారి చదువు," అన్నాడు జక్కయ్య.

షారోన్ చదువుతూ తెలుగులో చెప్పింది. ఆష్‌కోమ్ పన్నెండో ఏట ఓడెక్కాడు. తండ్రి పాస్టరు, ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. మొదటి రెండేళ్లూ తెరచాప తాళ్లు ఎక్కడం, దిగడం, తన్నులు తినడం. ఇరవయ్యో ఏట పరీక్ష నెగ్గి లెఫ్టినెంటయ్యాడు. బందరు ఎదుట ఫ్రెంచివాళ్లతో జరిగిన పోరులో ఎడమచేతి వేళ్లు రెండు ఎగిరిపోయాయి, అయినా చుక్కాని వదల్లేదు. కెప్టెనయ్యాక ఒక గాలివానలో తోటి ఓడలు మూడూ మునిగితే తన ఓడ ఒక్కటే ఒడ్డుకు తెచ్చాడు. రాజుగారు మెచ్చి ఎక్కడో నడిసముద్రంలో ఉన్న దీవికి గవర్నర్‌గా పంపాడు. పదకొండేళ్లు ఏలాడు. రేవు నుంచి కొండ మీదికి పది మైళ్ల రాతిబాట వేయించాడు. ఆ బాట ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఆ తర్వాత సొంతూరు పోయి బడి పెట్టించి, జలుబు చేసి పోయాడు.

జక్కయ్యకు చదువు రాదు. దేవమ్మ చేటలోంచి కందిగింజలు తీసి, ఒక్కో ఘట్టానికి ఒక్కో గింజ నేల మీద పెట్టుకుంటూ వచ్చాడు. వేళ్లు పోయిన గింజ దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. అక్కడ కథ నిలబడుతుంది. రాతిబాట గింజ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపుడు వేలు దాని మీదే ఆగిపోయింది.

"పది మైళ్లు అన్నావు. రాయి ఎవరు మోశారు?"

షారోన్ చివరి కాగితం తీసింది. కొంచెం తటపటాయించింది. "ఇంగ్లండు వాళ్ల మెయిల్‌లో ఇది కూడా వచ్చింది నాయనా. చెన్నకేశవులు సార్ ఈ పేజీ అక్కర్లేదన్నాడు."

"చదువు."

అది పేర్ల పట్టీ. ఒక కరువు ఏడు అన్నం దొరుకుతుందని బందరు దాకా నడిచిపోయి, ఆష్‌కోమ్ ఓడలో కళాసులుగా ఎక్కినవాళ్లు. ఏడాదిలో తిరిగి తెచ్చి దింపుతానని దొర మాటిచ్చాడు. తీసుకెళ్లి దీవిలో దింపి బాట పనికి పెట్టాడు. ముప్పై ఏడు మంది. ఒక్కడూ తిరిగి రాలేదు. ప్రతి పేరు పక్కనా ఊరూ, వయసూ, పోయిన కారణం. జ్వరం. జ్వరం. రాయి మీద పడి. కొరడా దెబ్బల తర్వాత జ్వరం. వినుకొండ చెన్నడు. నాదెండ్ల వీరయ్య. బెల్లంకొండ రాముడు, ఇరవై ఏళ్లు.

దేవమ్మ చేట కింద పెట్టింది. "బెల్లంకొండా?"

ఆమె పుట్టిల్లు బెల్లంకొండ.

"అవునమ్మా."

"మా ఊరి పిల్లోడు సముద్రం అవతల పోయాడా! వాళ్లమ్మ ఎన్నేళ్లు ఎదురు చూసిందో, ఏమో." దేవమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, మొగుడి వీరుల గోల ఆమెకు పట్టదు. ఆ పూట మాత్రం, "ఏమయ్యా, ఆ పిల్లోడి పేరు గట్టిగా పిలువు. ఇన్నేళ్లలో ఎవరూ పిలిచి ఉండరు," అంది.

"పిలవక ఎక్కడికి పోతానే," అన్నాడు జక్కయ్య.

వాళ్ల ఇంటి పద్ధతే అది. కథ ఎంత కుదించినా తప్పు లేదు. చివర మాత్రం, వీరుడి కోసం పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పిలవాలి. పేరుకొక దెబ్బ పంబ డోలు మీద. అన్నీ అయ్యాకే కత్తి ఒరలోకి పోవాలి. ఒకసారి ఒరలో పడితే కథ ముగిసినట్టే, మళ్లీ వెనక్కి పోయి అతుకులు వెయ్యడం లేదు. జక్కయ్య తాత రామయ్య ఒక ఏడు ఊరిపెద్ద కన్నెర్ర చేస్తే ఒక్కటంటే ఒక్క పేరు మింగాడు. మరుసటి కార్తీకానికి ఎవరూ అడగకుండానే కత్తి తమ్ముడి చేతికిచ్చి, తాను తిత్తి పట్టుకుని వెనక నిలబడ్డాడు. మేకతోలు తిత్తి అది. ఊదితే ఒకటే శ్రుతి, మాట ఉండదు. చచ్చేదాకా అదే ఊదాడు. "పేరు మింగిన నోరు కత్తికి పనికిరాదురా" అని మనవడికి చెప్పాడు. జక్కయ్యకు తాత నేర్పిన వీరవిద్యలో మొదటి పాఠం అదే.

మర్నాటి నుంచి పత్తి చేలోనే పాట కట్టాడు. ఒడిలో పత్తి నింపుకుంటూ సాలు వెంట నడవడం, చరణం కుదిరితే ఆగి కాలు తట్టడం. పక్క సాలులో తమ్ముడి కొడుకు ఎలీషా ఉండేవాడు. మామూలు రోజుల్లో ఆటో తోలుతాడు, కార్తీకంలో పెదనాయన పక్కన పంబ వాయిస్తాడు.

"పన్నెండు ఏండ్లకే పడవెక్కినాడు, అమ్మ పిలిచిన పిలుపు అలల కలిసింది," అని ఎత్తుకున్నాడు జక్కయ్య.

"అబ్బో, ఈ దొర మన పిల్లోడే అయిపోయాడు పెదనాయనా," అన్నాడు ఎలీషా.

"పన్నెండేళ్లోడు ఎవరికైనా పిల్లోడే కదరా. పెద్దయినాక ఏం జేశాడన్నది వేరే లెక్క."

ఆ తర్వాతి చరణం దానంతట అదే వచ్చి పడింది. "వేళ్లు రెండూ పోయె, వెనుదిరిగి చూడడు, చుక్కాని పట్టింది చెయ్యి కాదయ్యా, చేవ!" చేలో ఆడవాళ్లు పత్తి వదిలేసి చప్పట్లు కొట్టారు. దొర మీద ఆయనకు ఇష్టం కూడా కలిగింది. అబద్ధమెందుకు, గాలివాన ఘట్టం పాడుతుంటే ఆయన ఒళ్లే గగుర్పొడిచింది. వీరుడు వీరుడే. కాకపోతే వీరుడి బాట కింద ఎవరున్నారో కూడా చెప్పాలి, అంతే.

పేర్లు పత్తి మీదే కంఠతా పట్టాడు. కాయకొక పేరు. దూది లాగడం, పేరు అనడం. ముప్పై ఏడు కాయలకు ఒక చుట్టు. గురువారం మధ్యాహ్నానికి ఎక్కడా తడబడకుండా వచ్చేశాయి.

ఆ సాయంత్రమే బడి స్టేజీ మీద రిహార్సలు. చెన్నకేశవులు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోను పక్కన పెట్టి మరీ విన్నాడు. వేళ్లు పోయిన దగ్గర తొడ చరిచాడు. గాలివాన దగ్గర "అద్దీ!" అన్నాడు. రాతిబాట అయిపోయింది. జక్కయ్య కత్తి రెండు చేతులా ఎత్తి, గొంతు తగ్గించి, "బెల్లంకొండ రాముడూ..." అన్నాడు. ఎలీషా పంబ మీద ఒక్క దెబ్బ వేశాడు.

"ఆగాగు. ఇదేంది?"

జక్కయ్య చెప్పాడు. చెన్నకేశవులు మొత్తం విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు. విన్నాక కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"జక్కయ్యా, ఒక్క మాట అడుగుతా. చుట్టం ఇంటికొచ్చాడు. విస్తరేసి కూర్చోబెట్టాం. అన్నం వడ్డిస్తా వడ్డిస్తా, మీ తాత మా తాతల్ని చంపాడని చెబుతామా?"

జక్కయ్య తల దించుకున్నాడు. ఆ మాట ఆయన కొట్టిపారెయ్యదగ్గది కాదు. శత్రువైనా విస్తరి ముందు కూర్చుంటే పల్లెత్తు మాట అనకూడదని ఆయన పాడే కథలు కూడా చెబుతాయి.

"ఆ లిస్టు వాళ్లే పంపారు సార్," అంది షారోన్ మెల్లగా.

"పొరపాటున అంటుకొచ్చి ఉంటదమ్మా. తమ ఇంటి మురికి ఎవరైనా కావాలని పంపుకుంటారా?"

"మా ఇంటి పద్ధతి అయ్యా ఇది," అన్నాడు జక్కయ్య.

"మీ పద్ధతి కారెంపూడిలో. నేను కాదన్నానా? ఇది బడి." చెన్నకేశవులు నవ్వుతూనే లేచాడు. "సోమవారం కొత్త టైం టేబుల్ వేస్తున్నా. షారోన్ పేరు హైస్కూల్లో రాయాలనే ఉంది నాకు. నువ్వు రాయనిస్తావని ఆశ కూడా ఉంది."

ఎలీషా ఆటోలో ఇంటికి బయల్దేరారు. ఊరు మలుపు కనబడ్డాక షారోన్ తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఈ ఒక్కసారికి పేర్లు వదిలెయ్యవా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఈ పిల్లే తనకు ఆ పేర్లు చదివి వినిపించింది.

"ఆ క్లాసు నా చేతికి రానీ. ఈ ముప్పై ఏడు మంది సంగతీ పదో తరగతికి నేనే చెబుతా. ఏటా చెబుతా. నువ్వు ఒక్కసారి పిలిచే దానికంటే ఎక్కువ మంది వింటారు నాయనా."

మాటలో తప్పేమీ లేదు. తప్పు లేని మాటలతోనే మనిషి మెత్తబడతాడు. ఆయన మోకాళ్ల మీద పంబ సంచి సర్దుకున్నాడు.

"సరే తల్లీ," అన్నాడు.

ముందు కూర్చున్న ఎలీషా అద్దంలోంచి పెదనాయన వైపు ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు.

శనివారం బడి నిండా మామిడాకులు, బెలూన్లు. నలుగురు అతిథులు వచ్చారు. అందులో పెద్దావిడ పేరు మేరీ. డెబ్బై ఏళ్లుంటాయి, సన్నగా, ఎండకు ఎర్రబడిన ముఖం. మెడలో వేసిన బంతిపూల దండ తీసెయ్యకుండా అట్లాగే ఉంచుకుని, ముందు వరసలో ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చుంది. షారోన్ ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో చరణం ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది.

జక్కయ్య ఆ రోజు పాడినట్టు ఎన్నడూ పాడలేదు. కాలికి గజ్జెలు, నడుముకు ఎర్రగుడ్డ, చేతిలో తాతల నాటి కత్తి. అమ్మ పిలుపు అలల్లో కలిసిన దగ్గర టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. గాలివానలో ఆయన స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు ఒరిగిపోతుంటే పిల్లలు కూడా కుర్చీల్లో ఒరిగారు. చుక్కాని పట్టిన చెయ్యి దగ్గర ఈలలు. మేరీ రాయడం మానేసి నోరు తెరుచుకుని చూసింది.

రాతిబాట వచ్చింది. బాట కొండెక్కింది. జక్కయ్య కత్తి రెండు చేతులా ఎత్తాడు. అలవాటు కొద్దీ ఎలీషా పంబ మీద చెయ్యి లేపి ఆగాడు. ముప్పై ఏడు పేర్లూ నాలిక మీద సిద్ధంగా ఉన్నాయి. ముందు బెల్లంకొండ రాముడు. జక్కయ్య ఎలీషా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "మంగళం దొరకు, మంగళం సభకు" అని తేల్చేసి కత్తి ఒరలో దోపాడు. పిడి ఒర అంచుకు తగిలిన చిన్న చప్పుడు ఆయనకు మాత్రమే వినబడింది. మిగతా అంతా చప్పట్లు.

మేరీ చప్పట్లు కొట్టలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని స్టేజీ వైపే చూస్తూ కూర్చుంది. అందరూ లేచాక తానూ లేచి, అప్పుడు కొట్టింది.

భోజనాలకు పోయే ముందు ఆవిడ నేరుగా జక్కయ్య దగ్గరికి వచ్చింది. చాలాసేపు మాట్లాడింది. షారోన్ వింటూ వింటూ పాలిపోయింది.

"ఏమంటంది?" అన్నాడు జక్కయ్య.

"చానా గొప్పగా పాడావంటంది. మీవాళ్లు కథ చివర, పోయినవాళ్ల పేర్లు పిలుస్తారని ఎక్కడో చదివిందంట. అందుకే నీ పాట కావాలని వాళ్లే సార్‌కి రాశారంట. ఆ లిస్టు..." షారోన్ ఆవిడ చేతిలోని నోటుపుస్తకం వైపు చూసింది. "అక్కడి పిల్లలు రెండేళ్లు పాత పుస్తకాలు వెతికి రాశారంట నాయనా. మా బడిలో దొర బొమ్మ ఉంది గానీ వీళ్ల పేర్లు లేవు, ఒక్కసారి వాళ్ల సొంత మనుషుల నోట వినాలని వచ్చానంటంది. ఎందుకు పిలవలేదని అడుగుతుంది."

పక్కన నిలబడ్డ చెన్నకేశవుల ముఖం మీద నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

జక్కయ్య మేరీ ముఖంలోకి సూటిగా చూశాడు. "భయపడ్డామని చెప్పు తల్లీ. చుట్టాలు నొచ్చుకుంటారని మాకు మేమే అనుకుని, భయపడి వదిలేశామని చెప్పు."

షారోన్ నోరు తెరిచింది. చెన్నకేశవుల వైపు చూసింది. మళ్లీ మేరీ వైపు తిరిగి ఒక్క చిన్న ముక్క చెప్పింది. జక్కయ్య చెప్పిందేమో అంత పొడుగు, ఆమె చెప్పింది ఇంతే. అందులో 'టైం' అన్న మాట ఆయనకు తెలిసింది. బస్టాండులో రోజూ వినే మాటే కదా.

మేరీ ముఖం విప్పారింది. చేతి గడియారం చూపించి ఏదో అంది.

"ఇప్పుడు పిలవమంటంది," అంది షారోన్, నేల వైపు చూస్తూ. "ఎంతసేపైనా ఆగుతానంటంది."

"పిలువు జక్కయ్యా, పిలువు!" చెన్నకేశవులు ముందుకొచ్చాడు. "వాళ్లే అడుగుతుంటే ఇంకేంది? ఒరేయ్, మైకు ఆన్ చెయ్యండి. ఫొటోల వాళ్లని రమ్మను."

జక్కయ్య నడుమున ఒర మీద చెయ్యి వేసుకున్నాడు. తియ్యడానికి ఒక్క క్షణం పట్టదు. తీసినా ఎవరూ తప్పు పట్టరు. ఒరలో పడ్డ కత్తి మళ్లీ తియ్యకూడదన్న సంగతి ఇక్కడ తెలిసింది షారోన్‌కూ ఎలీషాకూ మాత్రమే. వాడు పంబ తాళ్లు వదులు చేస్తున్నవాడల్లా ఆపి చూస్తున్నాడు.

"కత్తి ఒరలో పడిందయ్యా," అన్నాడు జక్కయ్య. "ఇది నొక్కితే మళ్లీ పాడే పెట్టె కాదు."

షారోన్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక మేరీ ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి, బాధగా తల ఊపింది. నోటుపుస్తకంలోంచి పేర్ల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. పిల్లల చేతిరాతలో, రంగుపెన్సిళ్ల గీతల మధ్య రాసిన కాగితం. ఆ తర్వాత అందర్నీ భోజనాలకు పిలిచారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దేవమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చెప్పులు కూడా విడవనివ్వలేదు.

"మా ఊరి పిల్లోణ్ణి పిలిచావా?"

జక్కయ్య పంబ సంచి దించి గోడకు ఆనించాడు. దాని తాడు సరిచేశాడు. సరిచేసిన తాడే మళ్లీ సరిచేశాడు.

"అడుగుతుంటే పలకవేంది?"

"లేదమ్మా," అంది షారోన్. "నేనే వద్దన్నా."

దేవమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నారు. ఏమీ అనకుండా లోపలికి పోయి ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆ తిట్టకపోవడమే షారోన్‌కు తట్టుకోవడం కష్టమైంది. కంచం ముందు కూర్చుని, "నాయనా, ఆవిడతో నేను అబద్ధం చెప్పా," అంది.

"తెలుసు. టైం అన్నావుగా."

"అక్కడే చెప్పొచ్చుగా, నా కూతురు అబద్ధం చెబుతుందని."

"ఏమని చెప్పేది? పేర్లు మింగింది నేను. నువ్వు దాని మీద మూత పెట్టావు, అంతే." అన్నం కలుపుతూ ఆగాడు. "ఇద్దరం కలిసే చేశాంలే. తిను."

సోమవారం టైం టేబుల్‌లో పదో తరగతి సోషల్ ఎదుట షారోన్ పేరు పడింది. చెన్నకేశవులు మాట తప్పలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి మామూలుగా నడిచే వచ్చింది.

అమావాస్యకు వీరుల ఉత్సవం మొదలైంది. గుడి ముందు జనం, బత్తాయి బండ్లు, కొబ్బరికాయల చప్పుడు. ఎండుగడ్డి మంట మీద పంబ తోలు కాచి, ఎలీషా వేళ్లతో తట్టి చూసుకుంటున్నాడు. ఎన్నడూ ఆ గుడి వైపు రాని దేవమ్మ కూడా ఆ ఏడు వచ్చి, కూతురి పక్కన, చెప్పుల గుట్ట దగ్గర నిలబడింది.

జక్కయ్య గజ్జెలు కట్టని కాళ్లతో వచ్చాడు. కత్తి ఒరతో సహా రెండు చేతుల మీదా పెట్టి ఎలీషా ముందుకు చాపాడు.

"ఈ ఏడు నువ్వు పట్టు. పంబ మీ తమ్ముడికియ్యి."

ఎలీషా మంట దగ్గర్నించి లేచి నిలబడ్డాడు. "అదేంది పెదనాయనా? నువ్వుండగా నేనేంది? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదురా," అన్నాడు జక్కయ్య. "అందరూ చానా బాగా పాడావన్నారు."

ఎలీషా కత్తి అందుకునేదాకా చేతులు చాపి అట్లాగే నిలబడ్డాడు. అందుకున్నాక, గోడవార ఉన్న తిత్తి తీసుకుని, దుమ్ము దులిపి, వెనక వరసలోకి పోయి ఊదడం మొదలుపెట్టాడు.